అప్‌డేట్ అయ్యాక డిజైన్ ఫైల్ తెరుచుకోవట్లేదా? ముందు ఇవి చూడండి

కోరల్‌డ్రా, ఫొటోషాప్, ఇల్లస్ట్రేటర్, ఇన్‌డిజైన్, ఏదైనా కానీయండి. నిన్నటిదాకా ఇట్టే తెరుచుకున్న ఫైల్, అప్‌డేట్ అయిన మర్నాడు నిమిషాల తరబడి ‘నాట్ రెస్పాండింగ్’ అంటూ మొరాయిస్తే మన దగ్గర చాలామంది ముందుగా చేసేది సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడమే. హన్మకొండ చౌరస్తాలో చూసినా, పరకాల, నర్సంపేటల్లో చూసినా ఇదే అలవాటు. దయచేసి అక్కడి నుంచి మొదలుపెట్టకండి. సగం రోజు పోతుంది. దాచుకున్న యాక్షన్లు (రికార్డు చేసి పెట్టుకున్న పనుల వరసలు), షార్ట్‌కట్లు పోయే ప్రమాదం ఉంది. ఇంతా చేశాక ఫైల్ మళ్లీ అంతే నెమ్మదిగా తెరుచుకోవచ్చు. కారణం ఫాంట్లలోనో ప్రింటర్‌లోనో గ్రాఫిక్స్ డ్రైవర్‌లోనో ఉంటే, సాఫ్ట్‌వేర్ తీసి పెట్టినంత మాత్రాన అవి మారవు కదా.

మాఘంలో పెళ్లికార్డులు, బతుకమ్మ, దసరాలకు శుభాకాంక్షల ఫ్లెక్సులు, రెండేళ్లకోసారి మేడారం జాతరకు దారి పొడవునా స్వాగత బ్యానర్లు. ఓరుగల్లు డిజైనర్‌కు పనంతా సీజన్‌లోనే వచ్చి మీద పడుతుంది. అలాంటప్పుడు కస్టమర్ పక్కన స్టూల్ మీద కూర్చొని “అన్నా, ఇంకెంతసేపు?” అంటుంటే టెన్షన్‌లో నాలుగు సెట్టింగులు ఒకేసారి మార్చేస్తాం. ఫైల్ తెరుచుకున్నా ఏది పనిచేసిందో తెలియదు. వారం తర్వాత మళ్లీ అదే వస్తే కథ మొదటికొస్తుంది. అందుకని ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చిన ప్రతిసారీ టైమ్ చూసుకోండి. కింద రాసిన క్రమంలో తేలికైనవి, ఎప్పుడంటే అప్పుడు వెనక్కి తీసుకోగలిగేవి ముందున్నాయి.

ముందు టైమ్ కొలవాలి

ఇబ్బంది పెడుతున్న ఫైల్‌కు ఒక కాపీ తీసి పక్కన పెట్టండి. ఇకపై ప్రయోగాలన్నీ కాపీ మీదే. అసలు ఫైల్‌ను కొత్త వెర్షన్‌లో ఓపెన్ చేసి, అలవాటుగా సేవ్ కొట్టేశారంటే, తర్వాత పాత వెర్షన్‌లో అది తెరుచుకోకపోవచ్చు. ప్రింటింగ్ ప్రెస్‌లో పాత కోరల్ వాడుతుంటే అక్కడా చిక్కే.

తర్వాత ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకొని మూడు కొలవండి. ఫైలేదీ లేకుండా సాఫ్ట్‌వేర్ ఒక్కటే తెరుచుకోవడానికి ఎంత పడుతోంది? అందులో కొత్త ఖాళీ డాక్యుమెంట్‌కు ఎంత? ఆ తర్వాత మీ ఫైల్‌కు ఎంత? అప్‌డేట్ అయ్యాక మొదటిసారి వచ్చిన టైమ్‌ను లెక్కలోకి తీసుకోవద్దు. ఫాంట్ల జాబితా మళ్లీ తయారు చేసుకోవడం, సెట్టింగులను కొత్త వెర్షన్‌లోకి తెచ్చుకోవడం లాంటి పనులు ఆ మొదటిసారి ఉంటాయి. సిస్టమ్ రీస్టార్ట్ చేసి, రెండోసారి, మూడోసారి వచ్చినవే రాసుకోండి.

సాఫ్ట్‌వేరే ఆలస్యంగా తెరుచుకుంటోందంటే ఫాంట్లు, ప్లగిన్లు (విడిగా తగిలించుకున్న అదనపు టూల్స్), ప్రిఫరెన్స్‌లు (సాఫ్ట్‌వేర్ దాచుకున్న మీ సెట్టింగులు), ప్రింటర్ మీద అనుమానం. సాఫ్ట్‌వేర్ వెంటనే వచ్చి, ఖాళీ డాక్యుమెంట్ దగ్గర ఆగితే ప్రింటర్ లేదా గ్రాఫిక్స్. ఆ రెండూ బాగుండి మీ ఫైల్ ఒక్కటే ఆగుతుంటే ఆ ఫైల్‌లోనో, అది ఉన్న చోటులోనో ఉంది విషయం. ఇంకో రెండు మూడు పాత ఫైళ్లు కూడా తెరిచి చూడండి. అన్నీ ఆలస్యమైతే ఫైల్ మీద నింద వేయనక్కర్లేదు.

పనిచేస్తోందా, ఎదురుచూస్తోందా?

ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే సగం పని అయిపోయినట్టే. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. దాన్ని పక్కన తెరిచి ఉంచి ఫైల్ మీద డబుల్ క్లిక్ చేయండి. ఇప్పుడు సీపీయూ, మెమరీ, డిస్క్ అనే మూడు కాలమ్‌లనే చూడండి.

డిస్క్ 100 శాతం దగ్గర నిలబడిపోతే ఆలస్యం హార్డ్ డిస్క్‌ది. మెమరీ 90 దాటితే ర్యామ్ చాలట్లేదు. సీపీయూ దగ్గర మాత్రం జాగ్రత్తగా చదవాలి. మీ సిస్టమ్‌లో ఎనిమిది లాజికల్ ప్రాసెసర్లు ఉంటే, ఒక్కటి పూర్తిగా పనిలో మునిగినా మొత్తం మీద 12 శాతమే కనిపిస్తుంది. ఫైల్ తెరవడంలో చాలా పని ఒకే థ్రెడ్‌లో, అంటే ఒక్క ప్రాసెసర్ మీదే జరుగుతుంది. కాబట్టి ఆ 12, 13 దగ్గర అంకె కదలకుండా ఉంటే సాఫ్ట్‌వేర్ ఖాళీగా ఉందనుకోకండి, గట్టిగానే పనిచేస్తోంది.

ఇక మూడూ సున్నాకు దగ్గరగా ఉండి, ఫైల్ మాత్రం తెరుచుకోకపోతే? అప్పుడు సాఫ్ట్‌వేర్ ఎవరి జవాబు కోసమో ఎదురుచూస్తోంది. ఆపేసిన ప్రింటర్, తీసేసిన పెన్ డ్రైవ్, అందని నెట్‌వర్క్ ఫోల్డర్, ఇంటర్నెట్ అవతల ఉన్న సర్వర్, వీటిలో ఏదో ఒకటి. ర్యామ్ పెంచినా, కొత్త సిస్టమ్ కొన్నా ఈ రకం ఆలస్యం తగ్గదు. వేలకు వేలు పెట్టి ర్యామ్ వేయించాక కూడా కోరల్ అంతే స్లోగా ఉందని బాధపడేవాళ్లు నిజంగా ఉన్నారు. వాళ్లెవరైనా ముందు ఈ మూడు కాలమ్‌లు చూసి ఉంటే ఆ డబ్బు మిగిలేది.

ఎదురుచూపు అయితే: ప్రింటర్‌ను ముందు అనుమానించండి

కోరల్‌డ్రా, ఇల్లస్ట్రేటర్ లాంటివి తెరుచుకునేటప్పుడు, డాక్యుమెంట్ లోడ్ చేసేటప్పుడు డిఫాల్ట్ ప్రింటర్ డ్రైవర్‌ను పలకరిస్తాయి. పేజీ సైజు, మార్జిన్లు దాన్నుంచి తెలుసుకోవడానికి. ఆ డిఫాల్ట్ ప్రింటర్ పక్క గదిలో ఆపేసి ఉన్నదో, పోయినేడాది అమ్మేసిన పాత లేజర్ ప్రింటరో అయితే జవాబు రాదు. సాఫ్ట్‌వేర్ మాత్రం గడువు దాటేదాకా ఎదురుచూస్తుంది.

విండోస్ సెట్టింగ్స్‌లో ‘ప్రింటర్స్ అండ్ స్కానర్స్’ తెరవండి. ‘లెట్ విండోస్ మేనేజ్ మై డిఫాల్ట్ ప్రింటర్’ అనేది ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి. అది ఆన్‌లో ఉన్నంతవరకు మీరు చివరిసారి ఏ ప్రింటర్ వాడితే అదే డిఫాల్ట్ అయిపోతుంది. ఇప్పుడు ‘మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్’ను డిఫాల్ట్‌గా పెట్టి, సాఫ్ట్‌వేర్ మూసి తెరిచి మళ్లీ టైమ్ చూడండి. ఒక్కసారిగా తగ్గిందంటే దొంగ దొరికినట్టే. ప్రింట్ తీసేటప్పుడు మీ ప్రింటర్‌ను అప్పటికప్పుడు ఎంచుకుంటే సరిపోతుంది. వాడని ప్రింటర్ల పేర్లు జాబితాలో పేరుకుపోయి ఉంటే వాటినీ తీసేయండి.

ప్రింటర్ కాదని తేలితే, ఫైల్‌ను అది ఉన్న చోటు నుంచి మీ డెస్క్‌టాప్‌లోకి, లేదా సీ డ్రైవ్‌లో ఒక మామూలు ఫోల్డర్‌లోకి కాపీ చేసి అక్కడి నుంచి తెరవండి. పెన్ డ్రైవ్ మీదే ఉంచి పనిచేసే అలవాటు మన షాపుల్లో చాలా ఎక్కువ. కస్టమర్ ఇచ్చిన పెన్ డ్రైవ్‌లోనే ఫైల్ తెరిచి, అందులోనే సేవ్ చేసి ఇచ్చేస్తాం. అది స్లో అవడమే కాదు, మధ్యలో లాగేస్తే ఫైల్ చెడిపోతుంది కూడా.

డెస్క్‌టాప్ అనగానే ఇంకో మాట. విండోస్ అప్‌డేట్ తర్వాత ‘బ్యాకప్ ఆన్ చేయమంటారా’ అనే స్క్రీన్‌లో చూడకుండా ఓకే నొక్కితే, డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్‌లోకి వెళ్లిపోతాయి. ఫైల్ పేరు పక్కన చిన్న మేఘం గుర్తు ఉందేమో చూడండి. ఉంటే ఆ ఫైల్ మీ డిస్క్‌లో లేదన్నమాట, తెరిచినప్పుడు నెట్ నుంచి దిగాలి. 300 ఎంబీ ఫైల్‌ను మొబైల్ హాట్‌స్పాట్ మీద దించుకుంటే ఎంతసేపవుతుందో చెప్పక్కర్లేదు. ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ‘ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్’ పెట్టండి. ఇంకా మంచిది, పని ఫైళ్లను వన్‌డ్రైవ్ ముట్టుకోని ఫోల్డర్‌లో పెట్టుకోవడం.

తర్వాత వైఫై ఆపి ఒకసారి, ఆన్ చేసి ఒకసారి తెరవండి. నెట్ ఆపగానే వేగం వచ్చిందంటే వెల్‌కమ్ స్క్రీన్, క్లౌడ్ లైబ్రరీ, లైసెన్స్ తనిఖీ, లేని ఫాంట్‌ను ఆన్‌లైన్‌లో వెతకడం, వీటిలో ఒకటి కారణం. కొత్త ఫొటోషాప్ లేని ఫాంట్ కోసం అడోబీ ఫాంట్స్‌లో వెతుకుతుంది. మన తెలుగు డీటీపీ ఫాంట్లు అక్కడ దొరకవు.

ఇన్‌డిజైన్ వాడే పత్రికల వాళ్లు, పుస్తకాల వాళ్లు లింకులు (డాక్యుమెంట్ లోపల కాకుండా బయట ఉంచి జోడించిన ఫొటోలు) కూడా చూడాలి. ఫొటోలు ఇంకో సిస్టమ్‌లోని షేర్డ్ ఫోల్డర్‌లో ఉండి, ఆ సిస్టమ్ ఆపేసి ఉంటే ప్రతి లింకు దగ్గరా ఆగుతుంది. ప్రిఫరెన్సెస్‌లో ఫైల్ హ్యాండ్లింగ్ కింద ‘చెక్ లింక్స్ బిఫోర్ ఓపెనింగ్ డాక్యుమెంట్’ అన్న టిక్ తీసేస్తే డాక్యుమెంట్ ముందు తెరుచుకుంటుంది, లింకుల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఫాంట్ల సంగతి

తెలుగు డిజైనర్ సిస్టమ్‌లో ఫాంట్లు ఎన్ని ఉంటాయో మనందరికీ తెలుసు. ఎవరో ఇచ్చిన ‘ఆల్ ఫాంట్స్’ ఫోల్డర్‌ను మొత్తం సెలెక్ట్ చేసి ఇన్‌స్టాల్ కొట్టేసి ఉంటాం. వాటిలో రోజూ వాడేవి ముప్పై ఉంటే గొప్ప. మిగిలినవన్నీ సాఫ్ట్‌వేర్ తెరిచినప్పుడల్లా లెక్కలోకి వస్తాయి. అప్‌డేట్ అయ్యాక పాత ఫాంట్ జాబితా చెల్లకపోతే వాటన్నిటినీ ఒక్కొక్కటిగా మళ్లీ చదవాలి. అందులో ఒక్క ఫాంట్ చెడిపోయి ఉన్నా అక్కడే ఆగిపోవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక. అను లాంటి పాత తెలుగు ఫాంట్లు యూనికోడ్ కావు. వాటితో కంపోజ్ చేసిన ఫైల్‌లో లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులే. ఫాంట్ వాటి మీద తెలుగు ఆకారం తొడుగుతుంది. ఆ ఫాంట్ తీసేసి ఫైల్ తెరిస్తే ‘శుభాహ్వానం’ ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ గుర్తులతో అర్థం కాని వరస కనిపిస్తుంది. అలా కనిపించినప్పుడు సేవ్ చేయొద్దు, ఫాంట్ మార్చొద్దు. మూసేసి, ఆ ఫాంట్ తిరిగి పెట్టి తెరిస్తే అక్షరాలు మళ్లీ వస్తాయి. కాబట్టి ఫాంట్లు తగ్గించేటప్పుడు తెలుగువి ముట్టుకోకుండా ఇంగ్లిష్ అలంకార ఫాంట్ల నుంచి మొదలుపెట్టండి.

పద్ధతి ఇది. డీ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ చేసి, విండోస్ ఫాంట్స్ ఫోల్డర్‌లో ఉన్నవన్నీ అందులోకి కాపీ తీసుకోండి, భద్రం కోసం. తర్వాత మీరు విడిగా ఇన్‌స్టాల్ చేసిన ఇంగ్లిష్ ఫాంట్లలో సగం అన్‌ఇన్‌స్టాల్ చేయండి. విండోస్‌తో వచ్చిన ఏరియల్, సెగో, తెలుగుకు నిర్మల, గౌతమి లాంటి వాటి జోలికి వెళ్లొద్దు. రీస్టార్ట్ చేసి టైమ్ చూడండి. వేగం వస్తే తీసేసిన సగంలో ఉంది సమస్య, రాకపోతే మిగిలిన సగంలో. అనుమానం ఉన్న సగాన్ని మళ్లీ సగం చేయండి. రెండు వేల ఫాంట్లున్నా ఇలా పదకొండు సార్లు సగం చేస్తే ఒక్క ఫాంట్ దగ్గరికి చేరతారు. నిజానికి అంత దూరం వెళ్లక్కర్లేదు, ఆ చెడ్డ గుంపు వల్ల మీకు ఉపయోగం లేకపోతే గుంపునే తీసేయొచ్చు.

ఒకే ఫాంట్ రెండుసార్లు పడి ఉండటం కూడా సాధారణమే. విండోస్ 10లో 2018 చివరి నుంచి ఫాంట్‌ను ఒక్క యూజర్‌కు మాత్రమే ఇన్‌స్టాల్ చేసే వీలు వచ్చింది. అది వేరే ఫోల్డర్‌లోకి వెళ్తుంది. అదే ఫాంట్ అందరు యూజర్లకు కూడా ఉంటే రెండు కాపీలు ఉన్నట్టు. ఫాంట్ మీద రైట్ క్లిక్ చేసినప్పుడు ‘ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్’ అన్నదే ఎంచుకోవడం అలవాటు చేసుకుంటే ఈ గొడవ ఉండదు.

ఫాంట్లు తీసినా తేడా లేకపోతే విండోస్ ఫాంట్ కాష్‌ను (ఫాంట్ల వివరాలు దాచుకునే తాత్కాలిక నిల్వను) ఖాళీ చేయాలి. స్టార్ట్ మెనూలో సర్వీసెస్ అని వెతికి తెరవండి. జాబితాలో ‘విండోస్ ఫాంట్ కాష్ సర్వీస్’ను స్టాప్ చేయండి. సీ డ్రైవ్‌లో విండోస్, సర్వీస్ ప్రొఫైల్స్, లోకల్ సర్వీస్, యాప్ డేటా, లోకల్, ఫాంట్ కాష్ అన్న దారిలో వెళ్లి, ఆ చివరి ఫోల్డర్ లోపలి ఫైళ్లు తీసేయండి. సర్వీస్ మళ్లీ స్టార్ట్ చేసి సిస్టమ్ రీస్టార్ట్ చేయండి. కాష్‌ను విండోస్ తానే మళ్లీ తయారు చేసుకుంటుంది.

అడోబీ వాడేవాళ్లకు ఇంకొకటి. 2023 జనవరి నుంచి అడోబీ సాఫ్ట్‌వేర్లు టైప్ 1 అనే పాతకాలపు ఫాంట్లను తీసుకోవట్లేదు. ఫొటోషాప్‌లో అయితే 2021 నుంచే. ఏళ్లనాటి పుస్తకాల ఫైళ్లు అప్‌డేట్ తర్వాత ‘మిస్సింగ్ ఫాంట్స్’ అంటున్నాయంటే, ఫాంట్ సిస్టమ్‌లో ఉన్నా సరే, ఇదే కారణం కావచ్చు. దానికి మందు ఆ ఫాంట్ ట్రూటైప్ లేదా ఓపెన్‌టైప్ రూపం సంపాదించడమే. అది దొరికేదాకా పాత వెర్షన్‌లో తెరుచుకోవడం మేలు.

ఫొటోషాప్ పాత ఫైల్ తెరవగానే టెక్స్ట్ లేయర్లను అప్‌డేట్ చేయమంటారా అని అడిగితే, మొదటిసారి ‘నో’ నొక్కండి. అప్‌డేట్ చేస్తే ప్రతి లేయర్‌నూ కొత్తగా పేర్చాలి, ఆలస్యం అందుకే. పైగా ఒత్తులు, గుడి దీర్ఘాలు కదిలే అవకాశం ఉంది. పెళ్లికార్డులో ‘క్ష’ ఒత్తు పక్కకు జరిగితే ముద్రణ అయ్యాకే కనబడుతుంది.

ఫైలే బరువైతే

టాస్క్ మేనేజర్‌లో మెమరీ, డిస్క్ పైకి లేచాయా? అప్పుడు ఫైల్ లోపలికి తొంగిచూడాలి. కొత్త వెర్షన్లు సాధారణంగా తామే కొంచెం ఎక్కువ ర్యామ్ తీసుకుంటాయి. అప్పటిదాకా అంచు మీద నడిచిన ఫైల్ ఇప్పుడు ర్యామ్‌లో పట్టక డిస్క్ మీదికి పొర్లుతుంది.

లెక్క వేసి చూద్దాం. పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తున్న ఫ్లెక్సు. 72 రిజల్యూషన్‌లో, అంటే అంగుళానికి 72 పిక్సెళ్లతో చేస్తే 8,640 బై 6,912 పిక్సెళ్లు. ముద్రణకు వాడే నాలుగు రంగుల సీఎంవైకేలో ఒక్క లేయర్‌కు సుమారు 230 ఎంబీ. అదే ఫ్లెక్సును 300లో చేస్తే 36,000 బై 28,800 పిక్సెళ్లు, ఒక్క లేయర్‌కే దాదాపు 4 జీబీ. పదిహేడు రెట్లు. అంతే కాదు, పీఎస్‌డీ ఫైల్ ఒక వైపు 30,000 పిక్సెళ్లకు మించి ఒప్పుకోదు కాబట్టి పెద్ద ఫైళ్ల కోసం ఉన్న పీఎస్‌బీ రూపంలో సేవ్ చేయాల్సి వస్తుంది. చౌరస్తాలో ఇరవై అడుగుల దూరం నుంచి చూసే ఫ్లెక్సుకు 300 అక్కర్లేదు. చేతిలో పట్టుకొని చూసే పెళ్లికార్డుకు, విజిటింగ్ కార్డుకు కావాలి. ప్రెస్ వాళ్లు ఏది అడుగుతారో కనుక్కొని దాంట్లోనే చేయండి.

మన ఫ్లెక్సుల్లో బరువు దాక్కునే అసలు చోటు కింది వరస. పైన పెద్ద నాయకుడు, పక్కన కళాతోరణం, కింద ‘శుభాకాంక్షలతో’ అని ఇరవై మంది గుండ్రటి ఫొటోలు. ఒక్కొక్కటీ చూడటానికి చిన్నదే. కానీ కోరల్‌లో పవర్‌క్లిప్‌లో (ఫొటోను ఒక ఆకారం లోపల బిగించే చట్రంలో) పెట్టినా, ఫొటోషాప్‌లో స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా పెట్టినా కనిపించని భాగంతో సహా అసలు ఫొటో మొత్తం లోపలే ఉంటుంది. 24 మెగాపిక్సెల్ కెమెరా ఫొటో విప్పితే దాదాపు 70 ఎంబీ. ఇరవై ఫొటోలకు 1.4 జీబీ. ఫైల్ తెరిచిన ప్రతిసారీ ఇదంతా మోయాలి.

కాపీ ఫైల్‌లో ఆ ఫొటోలను దించండి. కోరల్‌లో బిట్‌మ్యాప్స్ మెనూలో ‘రీశాంపుల్’ ఉంది, కనిపించే సైజుకు తగ్గ రిజల్యూషన్ ఇవ్వండి. ఫొటోషాప్‌లో స్మార్ట్ ఆబ్జెక్ట్ లేయర్ మీద రైట్ క్లిక్ చేసి ‘రాస్టరైజ్ లేయర్’ అంటే డాక్యుమెంట్ రిజల్యూషన్‌కు సరిపడా మాత్రమే మిగులుతుంది. మళ్లీ పెద్దది చేయాల్సి రావచ్చు కాబట్టి అసలు ఫొటోలను విడిగా ఫోల్డర్‌లో ఉంచుకోండి. ఇల్లస్ట్రేటర్‌లో అయితే ఫొటోలను ఎంబెడ్ చేయకుండా లింక్ చేయడం అలవాటు చేసుకోండి.

ఫైల్ సైజు చిన్నదే అయినా తెరుచుకోకపోతే లోపల ఏదో చెడింది. కరెంటు పోయినప్పుడు సేవ్ అవుతూ ఆగిన ఫైళ్లకు ఇది ఎక్కువ. యూపీఎస్ బ్యాటరీ పనిచేయట్లేదని తెలిసీ రేపు మార్పిద్దాంలే అనుకోకండి. కోరల్‌లో కొత్త ఖాళీ డాక్యుమెంట్ తెరిచి, పాత ఫైల్‌ను ‘ఇంపోర్ట్’ చేయండి. పనికిరాని స్టైల్స్, రంగుల పాలెట్లు పోగుపడి ఉంటే చాలావరకు పాత డాక్యుమెంట్‌లోనే మిగిలిపోతాయి. ఫైల్ పక్కన ‘బ్యాకప్ ఆఫ్’ అనే పేరుతో ఇంకో ఫైల్ ఉంటే దాన్నీ ప్రయత్నించండి. ఇన్‌డిజైన్‌లో ఐడీఎంఎల్‌గా (పాత వెర్షన్లూ చదవగల ఫైల్ రూపం) ఎక్స్‌పోర్ట్ చేసి, దాన్ని తెరిచి కొత్త పేరుతో సేవ్ చేస్తే లోపలి చెత్త చాలావరకు పోతుంది.

సాఫ్ట్‌వేర్ సెట్టింగులు

ఇక్కడిదాకా వచ్చినా తేడా లేకపోతే, అప్‌డేట్ పాత ప్రిఫరెన్స్‌లను సరిగ్గా మోసుకురాలేదేమో చూడాలి. రీసెట్ చేసేముందు మీ వస్తువులు దాచుకోండి. ఫొటోషాప్‌లో యాక్షన్స్ ప్యానెల్ నుంచి ‘సేవ్ యాక్షన్స్’, కోరల్‌లో వర్క్‌స్పేస్‌ను ఎక్స్‌పోర్ట్.

ఫొటోషాప్, ఇల్లస్ట్రేటర్, ఇన్‌డిజైన్‌లకు ఐకాన్ మీద డబుల్ క్లిక్ చేసిన వెంటనే కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ కలిపి నొక్కి పట్టుకోండి. కోరల్‌డ్రాకు ఎఫ్8 నొక్కి పట్టుకోండి, వర్క్‌స్పేస్‌ను మొదటి స్థితికి తేవాలా అని అడుగుతుంది. ఫొటోషాప్‌లో ఆల్బమ్ డిజైన్ ప్లగిన్లు వేసుకున్నవాళ్లు ముందుగా షిఫ్ట్ ఒక్కటే పట్టుకొని తెరవండి. బయటి ప్లగిన్లను పక్కనపెట్టి తెరవాలా అని అడుగుతుంది. అలా వేగం వస్తే ప్లగిన్ కొత్త వెర్షన్‌కు సరిపడట్లేదు.

రీసెట్ చేయడానికి చేతులు రావట్లేదా? విండోస్‌లో కొత్త యూజర్ అకౌంట్ ఒకటి సృష్టించి, అందులోకి వెళ్లి అదే ఫైల్ తెరవండి. అక్కడ ప్రిఫరెన్స్‌లు కొత్తవి, మీ పాతవి చెక్కుచెదరవు. అక్కడ బాగా తెరుచుకుంటే గొడవంతా మీ పాత అకౌంట్ సెట్టింగుల్లోనే ఉందని తేలుతుంది. నా మట్టుకు ఇది అన్నిటికన్నా నిక్కమైన పరీక్ష.

గ్రాఫిక్స్ కార్డు పరీక్ష చిన్నదే. ఫొటోషాప్ ప్రిఫరెన్సెస్‌లో పెర్ఫార్మెన్స్ కింద ‘యూజ్ గ్రాఫిక్స్ ప్రాసెసర్’ టిక్ తీసి చూడండి. ఇల్లస్ట్రేటర్‌లోనూ జీపీయూ ఆపే టిక్ ఉంటుంది. తీయగానే బాగుంటే టిక్ అలా వదిలేయకుండా డ్రైవర్‌ను సరిచేయండి. విండోస్ అప్‌డేట్ డ్రైవర్‌ను మార్చి ఉంటే డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ నొక్కవచ్చు. ఎన్‌విడియా కార్డు ఉన్నవాళ్లు గేమ్ రెడీ డ్రైవర్ బదులు స్టూడియో డ్రైవర్ వేసుకోండి, డిజైన్ సాఫ్ట్‌వేర్ల కోసం పరీక్షించి వదిలేది అదే.

యాంటీవైరస్ కొత్త వెర్షన్‌ను కొత్త ప్రోగ్రామ్‌గా చూసి ప్రతి ఫైల్‌నూ తడిమే వీలుంది. మీ పని ఫోల్డర్ ఒక్కదాన్ని ఎక్స్‌క్లూజన్‌లో (స్కాన్ చేయొద్దనే జాబితాలో) పెట్టి చూడండి. డౌన్‌లోడ్స్‌ను, పెన్ డ్రైవ్‌లను మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు. రోజుకు ఎంతమంది పెన్ డ్రైవ్‌లు మన సిస్టమ్‌లో గుచ్చుతామో గుర్తుంచుకోండి.

డిస్క్ విషయం సూటిగా చెప్తాను. సీ డ్రైవ్ ఎర్రగా నిండిపోయి ఉంటే ముందు ఖాళీ చేయండి. ఫొటోషాప్ స్క్రాచ్ డిస్క్ (ర్యామ్ చాలనప్పుడు అది వాడుకునే చోటు) దాని మీదే ఉంటే ఇంకో డ్రైవ్‌కు మార్చండి. ఇంకా పాత తిరిగే హార్డ్ డిస్క్ మీదే విండోస్ ఉంటే, డబ్బు పెట్టాల్సింది ముందు ఎస్‌ఎస్‌డీ మీదే. ఎండాకాలం మధ్యాహ్నాలు మాత్రమే స్లో అవుతుంటే క్యాబినెట్ తెరిచి ఫ్యాన్ల దుమ్ము దులపండి. వేడెక్కిన ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది, మే నెలలో మన ఊరి ఎండకు అది మామూలే.

ఏదీ పనిచేయకపోతే

పాత వెర్షన్‌కు వెళ్లడంలో తప్పేం లేదు, రేపు డెలివరీ ఉంటే అదే సరైన పని. అడోబీ క్రియేటివ్ క్లౌడ్ యాప్‌లో సాఫ్ట్‌వేర్ పేరు పక్కన మూడు చుక్కలు నొక్కితే ‘అదర్ వెర్షన్స్’ కనిపిస్తాయి. విండోస్ అప్‌డేట్ తర్వాతే మొదలైందని తేలితే, సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అప్‌డేట్ హిస్టరీ, ‘అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్’ దారిలో ఆ ఒక్కదాన్ని తీసేయొచ్చు. భద్రతకు సంబంధించినదైతే, సమస్య తీరాక మళ్లీ వేసుకోవాలి.

ఇకముందు పెద్ద వెర్షన్ అప్‌డేట్ చేసేటప్పుడు అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో ‘రిమూవ్ ప్రీవియస్ వెర్షన్స్’ టిక్ తీసేయండి. రెండు వెర్షన్లూ పక్కపక్కనే ఉంటాయి, వారం పది రోజులు కొత్తదాంట్లో చిన్న పనులు చేసి నమ్మకం కుదిరాక పాతది తీయవచ్చు. విండోస్ అప్‌డేట్‌ను ఐదు వారాల దాకా పాజ్ చేసే వీలుంది. ముహూర్తాల సీజన్ మొదలయ్యేముందు పాజ్ పెట్టి, సీజన్ అయ్యాక తప్పకుండా ఆన్ చేయండి.

సపోర్ట్‌కు ఫోన్ చేసినా, తెలిసిన టెక్నీషియన్‌ను పిలిచినా “స్లోగా ఉంది అన్నా” అని ఊరుకోకండి. సాఫ్ట్‌వేర్ వెర్షన్ నంబర్, విండోస్ వెర్షన్, ర్యామ్ ఎంత, మీరు రాసుకున్న మూడు టైమ్‌లు, ఫైల్ తెరుచుకుంటున్నప్పుడు తీసిన టాస్క్ మేనేజర్ ఫొటో, ఇప్పటికే ఏమేం మార్చి చూశారో ఆ జాబితా, ఇవన్నీ ఒకే మెసేజ్‌లో పంపండి. ఫైల్ కూడా అడిగితే కస్టమర్ ఫోన్ నంబర్లు, పేర్లు తీసేసిన కాపీ ఇవ్వండి.